చిట్టి కాలు, గంగన్న దోషం

బురైదా, సౌదీ, శుక్రవారం

నా పెంపుడు బల్లి, లెపర్డ్ గెకో చిట్టి ఇవాళ నా పై మంచం మీంచి కింది మంచం గంగన్న భుజం మీద పడింది. బల్లిపాటు అరిష్టమని ఆయన విదిలించి కొడితే దాని కాలు గీసుకుపోయింది.

“పారెయ్ తమ్మీ దాన్ని!” అన్నాడు తలస్నానం చేసొచ్చి.

పారెయ్యను. శకునాలు ఆయనవి, చిట్టి నాది.

కంచి బంగారు బల్లిని ముట్టినవాళ్లను ముట్టుకుంటే దోషం పోతుందట. లేబర్ క్యాంపంతా అడిగాడు. ముట్టినవాణ్ని నేనొక్కణ్నే!

“ఊకె ముట్టనియ్య గంగన్నా. ముందుగాల దీన్ని పట్టుకో, కాలు కడుగుత.”

మొహం పక్కకు తిప్పుకొని పట్టుకున్నాడు. గోరువెచ్చని నీళ్లతో కడిగాను. దాని డబ్బాలో ఇసుక తీసి టిష్యూ పరిచాక కూడా చిట్టి ఆయన అరచేతిలోనే ఉంది. పురుగు పెడితే తినలేదు, అదే దిగులు.

“ఇగ ముట్టుకో,” అని చెయ్యి చాపాను.

“ఆగు తమ్మీ, నేను కదిలితే ఇది బెదురుతది,” అన్నాడు.