వంతెన దగ్గర ఆగిన పేజీ

గద్వాల, ఆదివారం రాత్రి

డివిజన్ చరిత్ర చదువుతున్నానంటే, గ్రూప్స్ కోసం రెవెన్యూ డివిజన్ల గురించి అనుకుని నాన్న వీధంతా చెప్పుకున్నాడు. ఇవాళ పుస్తకం అట్ట మీద తుపాకులు చూసి, "గీ లడాయి సదువుతోని నౌకరొస్తదా?" అన్నాడు. తన తల్లి, మా జేజి వాళ్ల నాయన బర్మా యుద్ధానికి పోయి తిరిగిరానిది ఈ సైనిక డివిజన్‌లోనే అని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడు.

జేజికి మాత్రం రోజూ చదివి వినిపించాలి. "మా నాయన ఏడిదాంక వచ్చిండే?" అని సాయంత్రం అడిగింది.

"నది దాకా, జేజీ."

"అయితే దాటుతడు తియ్. ధరూర్ కాడ కృష్ణ ఈదినోడు!"

ఎంత నవ్విందో.

తర్వాతి పేజీ నేను ముందే చదివేశాను. శత్రువుకు చిక్కకూడదని పై అధికారులే ఆ నది మీది వంతెన పేల్చేయించారు. డివిజన్‌లో చాలామంది అవతలి ఒడ్డునే చిక్కుకుపోయారు. ఈదబోయి ఎందరో మునిగిపోయారు. ఆయన ఏ ఒడ్డున ఉన్నాడో పుస్తకంలో లేదు.

"ముసలామెకు గవన్నీ ఎందుకు? దాటిండని చెప్పు" అంటోంది అమ్మ.

గోడ అవతల జేజి దగ్గుతోంది. విని తట్టుకోలేకపోతే? దాటాడని చెబితే మాత్రం ఊరుకుంటుందా, మరి ఇంటికెందుకు రాలేదని అడగదూ...

రేపు ఆ పేజీ ఉన్నదున్నట్టు చదువుతాను.