ఆకుల్లేని కొమ్మ

గుణదల,
ఆదివారం.

జాహిద్ గారికి,

అస్సలాము అలైకుం. ఇక్కడ నేనూ అత్తమ్మా కులాసా. జైసల్మేర్ ఎండల్లో మీరూ చల్లగా ఉండాలని ఇద్దరం దువా చేస్తున్నాం. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఇంత పొడుగు ఉత్తరమెందుకంటారేమో. ఫోన్ చేసినప్పుడల్లా అత్తమ్మ పక్కనే ఉంటారు. ఇది మీతో విడిగా చెప్పాల్సిన సంగతి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. వానలకు వీధిలో నీళ్ళు నిలిచాయి గానీ మన గడప ఎక్కలేదు. మీరు కిందటి ఉత్తరంలో పెట్టిన ఖేజ్రీ రెమ్మను కింద వాటాలోని హేమ టీచర్‌కి చూపిస్తే, అది మన జమ్మేనన్నారు. పామర్రులో వాళ్ళ పొలం గట్టున ఒకటుందంటే వెళ్ళి, రెండు రెమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే ఆకు, అదే ముల్లు. కాలవ పక్కన బతికే చెట్టూ, ఏడాదికి నాలుగు వానలైనా చూడని చెట్టూ ఒకటేనా? అక్కడ దాని వేరు ఎంత లోతుకు పోతుంది? సోలార్ పలకలకు గుంతలు తవ్వేటప్పుడు మీకెప్పుడైనా కనబడిందా? తప్పకుండా రాయండి.

కైర్ అని మీరు పంపిన ఆకుల్లేని పచ్చటి కొమ్మ నన్ను వారం రోజులు వదల్లేదు. ఆకులు చేసే పనంతా కొమ్మే ఎలా చేసుకుంటుందా అని దాన్ని తిప్పి తిప్పి చూశాను. పెళ్ళికూతుళ్ళకు గోరింటాకు పెట్టే కోన్‌తోనే కాగితం మీద గీశాను. ఆరాక గీకేస్తే, మీరు ఫోటోల్లో చూపించే మట్టి రంగే మిగిలింది. అలా మీరు పంపిన పదకొండు మొక్కలు గీసి, ఒక్కోదాని కింద ఒక కవిత రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. కైర్ కింద రాసింది నాది కాదు. మీ ఉత్తరంలోని వాక్యాలను విరిచి రాసేశాను:

ఆకు కూడా బరువేనని
రాల్చేసుకుంది ఈ చెట్టు.
నేనేమో
మాటల్ని.

కింద నా పేరు పెట్టుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

పోయిన శనివారం బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న హాల్లో ఆ బొమ్మలు పెట్టాం. హేమ గారు కవితలు చదివి వినిపించారు. కైర్ కవిత విన్నాక అత్తమ్మ కుర్చీలోంచి లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళారు.

"ఎవరివమ్మా ఈ మాటలు?"

"నావే అత్తమ్మా."

"నీవి కావు. వాడు చిన్నప్పుడు జ్వరమొచ్చినా చెప్పేవాడు కాదు, నేనే నుదురు పట్టుకుని చూసుకునేదాన్ని. రెండేళ్ళుగా ఫోన్లో బాగున్నానంటుంటే నమ్మాను."

నేను తలొంచుకుని ఒప్పుకున్నాను. ఆవిడ ఇంటికొచ్చేదాకా ఆటోలో నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

ఆ బొమ్మలను పుస్తకంగా వేస్తామని ఒకరు అడిగారు. మీ పేరూ ఉంటేనే ఇస్తానన్నాను. మీరు వద్దంటే ఆ పేజీ తీసేస్తాను. మీ గుట్టు బయటపెట్టినందుకు మాత్రం ఎలా క్షమాపణ అడగాలో తెలియడం లేదు.

గుంటూరు దాటి ఎరగని అత్తమ్మ నవంబరులో అక్కడికి వస్తానంటున్నారు. ఆ చెట్టును చూస్తారట. నేనూ వస్తాను.

ఈలోగా ఫోన్లో ఆవిడ ఎలా ఉన్నావని అడిగితే, బాగున్నానని మాత్రం అనకండి. ఆవిడ ఇక నమ్మరు.

ఇట్లు,
మీ భార్య
ఇష్రత్