నీళ్ళలో డ్రిల్లు

3 ఫిబ్రవరి 1964, సోమవారం
మద్రాసు నుంచి తిరుగు రైలు. నాయుడుపేటలో దిగేసరికి నడుము కొయ్యబారిపోయింది. వెన్నుకు ఆపరేషన్ జరిగి ఏడాది కావస్తోంది. కాలిలోకి దిగే పోటు పోయిన మాట నిజమే. నడుములో నొప్పి మాత్రం కదలనంటోంది. పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫోటో పైకెత్తి చూసి, "ఇంకోసారి తెరిచి చూడొచ్చు. కానీ తొందరలేదు. ముందు కత్తి లేకుండా ఏం చేయగలమో చూడండి. ఈస్టర్ తర్వాత రండి" అన్నారు.
బయటికి రాగానే సుగుణ - "తెరిచి చూసేదానికి మీ నడుమేమన్నా ట్రంకుపెట్టా?"
నవ్వితే నొప్పి. అయినా నవ్వాను. పెళ్ళాం ఊరుకుంటేగా.

4 ఫిబ్రవరి
బడి. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించి మరీ చెప్పారు: "డ్రిల్లు ఇంకెవరికైనా ఇద్దాం మాస్టారూ. మీరు హాయిగా లైబ్రరీ చూసుకోండి. జూన్‌లో ఖాయం చేద్దాం."
మంచి మనిషి. మంచి మాటే. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళు పిల్లల్ని ఎండలో పరుగెత్తించినవాణ్ణి... పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ కూర్చోవాలా?

10 ఫిబ్రవరి
మిషన్ ఆసుపత్రి. కసరత్తుల వైద్యానికి కొత్తగా ఒకావిడ వచ్చారు - ఎలిజబెత్ గారు. చిన్న వయసే. బోర్లా పడుకోబెట్టి నడుము మీదికి ఎర్రదీపం తిప్పారు. వెచ్చగా ఉంది, నిద్ర ముంచుకొచ్చింది. తర్వాత వెల్లకిలా. మోకాళ్ళు మడవాలి. పొట్ట లోపలికి పీల్చాలి. వదలాలి. అంతే!
"ఇదేం డ్రిల్లండీ, పసిపిల్లలది" అన్నాను.
"మెల్లగా చేసి చూడండి, తెలుస్తుంది" అన్నారు.
పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోమన్నారు. సుగుణ సంబరంగా పరుపు తన మంచం మీద వేసుకుంది.

13 ఫిబ్రవరి
వీధిలో అందరూ డాక్టర్లే. ఆముదం, కర్పూరం, ఇసుక కాపడం, పీతల చారు. పీతల చారు ఒక్కటే మానలేదు. నడుముకేమీ కాలేదు గానీ బాగుంది.

17 ఫిబ్రవరి
నా తెలివి తెల్లారినట్టే ఉంది. కొంచెం చేస్తే కొంచెం మేలు, ఎక్కువ చేస్తే ఎక్కువ మేలు కదా అనుకొని పొద్దున్నే గంటసేపు చేశాను. లేవబోతే లేవలేను. నేలమీదే. సుగుణ పరుగెత్తుకొచ్చి - "లేవబాకండి! అట్నే ఉండండి!"

19 ఫిబ్రవరి
బల్లమీదే. గోడవైపు తిరిగి ఏడ్చాను. ఇంతేనా ఇక?

24 ఫిబ్రవరి
ఎలిజబెత్ గారు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "నొప్పిని ఓడించాలని చూస్తున్నారు మీరు. దాంతో పందెం మానేయండి. రోజూ కాస్త, మర్నాడు ఇంకాస్త. నీళ్ళలోనైతే బరువు తెలియదు. ఈత వచ్చా?"
డ్రిల్లు మాస్టరుని. తల వంచుకొని రాదన్నాను. బుచ్చిరెడ్డిపాలెంలో పెరిగినన్నాళ్ళూ మడికాలవలో మోకాలి లోతు దాటలేదు.
పక్కనుంచి సుగుణ - "నాకొచ్చు."
తిరిగి చూశాను. మామగారు పులికాట్ సరస్సు ఒడ్డున బడిపంతులుగా ఉన్న రోజుల్లో, జాలరుల పిల్లలతో చేరి నేర్చుకుందట.
"ఇన్నేళ్ళలో చెప్పలేదేం?"
"ఎప్పుడన్నా అడిగినారా?"

29 ఫిబ్రవరి, శనివారం
బస్సు, ఆపైన ఎడ్లబండి, సుగుణ చిన్ననాటి పల్లె. ఆమె ఈడుది పోలమ్మ ఒడ్డున వల ఆరేస్తూ కేక పెట్టింది - "ఏం సుగుణా! అయ్యోరిని ఎత్తుకొచ్చినావే! చేపల్లో కలిపేదానికా?"
నడుములోతు నీళ్ళు. కాళ్ళకింద బురద. సుగుణ కొంగు బిగించి నా తలకింద చెయ్యి పెట్టింది. "బిగబట్టబాకండి. పైకి చూడండి." చూశాను. కొంగలు పోతున్నాయి. చెవుల్లో నీళ్ళు, ఎవరి మాటా వినబడదు. కాళ్ళు వాటంతటవే తేలాయి...
నొప్పి లేదు. వెతికాను. ఎక్కడా లేదు.
ఒడ్డుకు రాగానే తిరిగొచ్చింది, కాస్త తగ్గి. పోలమ్మ పులుసు పెట్టింది. రెండోసారీ అన్నం వేయించుకున్నాను.

8 మార్చి, ఆదివారం
చర్చిలో ఆరాధన అయ్యాక గుడి మెట్లమీద ఒక పెద్దాయన - "భార్యాభర్తలు సరస్సులో ఆడుకుంటుండారంట?"
సుగుణ - "అవునండీ. మీరూ అమ్మగారిని తీసుకొని రండి."
ఆయన గొడుగు తెరుచుకొని వెళ్ళిపోయారు.

21 మార్చి, శనివారం
సుగుణ చెప్పకుండా చెయ్యి తీసేసింది. మునిగాను. ఉప్పునీళ్ళు తాగాను. తిట్టాను. మళ్ళీ నీళ్ళమీద పడుకున్నాను.

26 మార్చి
స్టేషను దాకా నడక. మధ్యలో నడుము పట్టింది. భయపడలేదు - అదే కొత్త. అరుగుమీద కాసేపు కూర్చొని మెల్లగా ఇంటికి.

7 ఏప్రిల్, మంగళవారం
మద్రాసు. పెద్ద డాక్టరు వంచి చూశారు, మోకాళ్ళమీద సుత్తితో కొట్టారు. "కత్తి అక్కర్లేదు, ఇప్పటికి."
"నొప్పి పూర్తిగా పోతుందా?"
"పోకపోవచ్చు. అది ఉన్నా మీ పని మీరు చేసుకోగలిగితే చాలు కదా. చేస్తున్నది మానకండి."
రైల్లో సుగుణ కీర్తన ఎత్తుకుంది, పెట్టెలో వాళ్ళంతా చూస్తున్నా. నేనూ గొంతు కలిపాను.

13 ఏప్రిల్
హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాము, ఇద్దరమూ. బరువులెత్తను, పిల్లలచేత పిరమిడ్లు కట్టించను, కానీ డ్రిల్లు నాకే ఉంచండి అన్నాను. అంతటితో లేద్దామనుకుంటే సుగుణ మొదలుపెట్టింది - వారానికొకసారి ఆడపిల్లలకు ఈత కూడా నేర్పిస్తుందట!
ఆయన కళ్ళజోడు తీశారు. "ఆడపిల్లలకా? ఈతా? తల్లిదండ్రులేమంటారమ్మా?"
"అడిగితే కదండీ తెలిసేది."
"చూద్దాం, చూద్దాం" - దేనికన్నారో తెలియలేదు. నా డ్రిల్లుకా, ఆమె ఈతకా?

16 ఏప్రిల్
హెడ్మాస్టరు గారు ఇంకా ఏమీ చెప్పలేదు. పొద్దున నడుము కొంచెం పట్టేసింది. సుగుణ బజారు నుంచి ఒక తాను నల్లగుడ్డ తెచ్చి, నేలంతా పరిచి, పిల్లలకు ఈత నిక్కర్లు కత్తిరిస్తోంది.