సంపత్ చూసేదాకా మౌనం

మే 13, మంగళవారం
మమతతో కలిసి ‘ఎర్ర చంద్రుడు’ ఏడో భాగం చూశాను. మొదటి భాగం నుంచి ప్రతిదీ తమ్ముడు సంపత్‌తోనే చూశాను. ఈ వారం వాడికి బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు. వాడి కూతురు మమత ఆగలేక నన్ను లాక్కెళ్లింది.
సినిమా బాగాలేదు. మొదటి భాగాన్నే రంగు మార్చి తీశారు.
తీర్మానం: ఆదివారం వాడు చూసేదాకా ఒక్క మాట అనను. నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. గని నుంచి వచ్చాక వాడు సంబరపడేది దీనికొక్కదానికే.
నేనెలాగూ తక్కువ మాట్లాడే మనిషిని. ఇదేం కష్టం?

మే 14, బుధవారం
పొద్దున డ్యూటీ నుంచి వస్తూనే:
“ఎట్లుందక్కా?”
“ఉంది.”
“గంతేనా?”
“తానం జెయ్యి. ఉప్మా సల్లారుతది.”
గెలిచాను. నరసింహస్వామి దయ.

సాయంత్రం దీపం పెడుతూ స్వామికి చెప్పాను, నాలుగో భాగంలో చనిపోయిన కెప్టెన్‌కు ఇప్పుడు కవల తమ్ముడు పుట్టుకొచ్చాడని. దేవుడికి చెబితే మాట తప్పినట్టు కాదు.

మే 15, గురువారం
మమతతో మాట్లాడాను. చూసినవాళ్లతో అనుకుంటే తప్పేముంది?
“అత్తమ్మా, ఆ రాక్షసుల గుడ్లు గూడ పాతయే. కడిగి పెట్టిండ్రు.”
నవ్వు ఆగలేదు.

మే 16, శుక్రవారం
మధ్యాహ్నం పక్క క్వార్టర్ అనసూర్య వచ్చింది. ఆమె ఈ సినిమాలు చూడదు, చూడబోదు. ఆమెకు చెబితే ఎవరికి నష్టం?
సంపత్ లోపల నిద్రలో ఉన్నాడు. రాత్రి షిఫ్టు మనిషి పడుకున్న ఇంట్లో పగలంతా గుసగుసలే మాకలవాటు. వాడి కిటికీ కింద కూర్చుని, గుసగుసగానే, మొత్తం చెప్పాను. అదే సొరంగం. అదే గాలి అయిపోవడం. అందరినీ పంపి, తలుపు మూసి, వెనకే ఉండిపోయే అదే అక్క. మొదటిసారి ఏడ్చాను. ఈసారి ఆవలించాను.
“మరి గంతమంది ఏం జూస్తానికి పోతుండ్రు?” అంది అనసూర్య.
అప్పుడు గమనించాను, మా మాటల్ని కప్పే కూలర్ చప్పుడు లేదు. కరెంటు ఎప్పుడో పోయింది.
కిటికీలోంచి సంపత్ గొంతు:
“అయిపోయిందా అక్కా? ఇంకేమన్న మిగిలిందా?”

రాత్రి వాడు అన్నం తినలేదు. డబ్బా కూడా తీసుకోలేదు. ఆకలితో గనిలోకి దిగాడు. నాకు జపం మీద మనసు నిలవలేదు.

మే 17, శనివారం
వచ్చాడు. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.
మౌనం ఇప్పుడు బాగా కుదిరింది.

మే 18, ఆదివారం
ఒక్కడే ఆటకు పోయాడు. నన్ను పిలవలేదు.
తిరిగొచ్చి, చెప్పులు విడవకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.
“నువ్వు సగమే చెప్పినవక్కా.”
“ఏంది?”
“రెండో భాగంల ముసలి డాక్టర్ లేడా? గిప్పుడు గాయన అంగీనే గీ కొత్త డాక్టర్‌కు తొడిగిండ్రు. మూడో గుండీ గూడ గట్లనే ఊడి ఉంది.”
అది నేను చూడనే లేదు.
రెండు పళ్లేల్లో అన్నం పెట్టాను. తింటూ, తిడుతూ చాలాసేపు కూర్చున్నాం. వాడు పొలమారేలా నవ్వాడు.
“సినిమా మంచిగుంటే గింతసేపు ముచ్చట వెట్టేటోళ్లా మీరు?” అంది మమత.

మే 20, మంగళవారం
ఎనిమిదో భాగం కూడా వస్తుందట.
“దాని మొకం గూడ చూడ” అన్నాడు సంపత్. కాసేపటికి, అది విడుదలయ్యే వారం తనకు ఏ షిఫ్టు పడుతుందో మమతతో లెక్క వేయిస్తున్నాడు.
కొత్త తీర్మానం: తొలి ఆటకు ఇద్దరం కలిసే పోతాం. వాడు నోరు తెరిచేదాకా నేను తెరవను.
కనీసం ఇంటర్వెల్ వరకు.