చేపలు చచ్చిన నీళ్ళు

పాలెం బడి, బేస్తవారిపేట దారి
ఏప్రిల్ 1934

ప్రియమైన మీకు రాహేలు వందనాలు.

నేను బాగున్నాను. మార్కాపురం ఆసుపత్రికి కలరా రోగులను బండ్లలో తెస్తున్నారట కదా. చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకండి. కాంపౌండరుకే పాఠం చెబుతోందని నవ్వుకోకండి.

ఇక్కడ ఒక కష్టం వచ్చింది. దొరసాని గారు తమ దేశం పోతూ బడికి ఇచ్చిన గాజుతొట్టిలో చేపలన్నీ చచ్చిపోయాయి. నిన్న పొద్దున నీళ్ళు మార్చాను. పిల్లలు ఎక్కాలు చదువుతుండగానే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకున్నాయి. మధ్యాహ్నానికి వెల్లకిలా తేలాయి. పిల్లలు ఒకటే ఏడుపు.

తొట్టిని ఇసుకతోనే తోమాను, సబ్బు తగలనివ్వలేదు. మేత రోజూ వేసే నూకలే. మారింది నీళ్ళొక్కటే. అవి మాలకొండయ్య గారి బావివి. మన వాగులో చెలమలు చెడిపోయాయని, పై ఊళ్ళలో కలరా తగిలిందని, ఆ రైతు ఈమధ్యే మన పాలెం వాళ్ళను తన బావిలో తోడుకోనిచ్చారు. తాతల కాలం నుంచీ ఎరగని సంగతి అది. పోయిన వారం తొట్టిలో పోసినవీ ఆ బావి నీళ్ళే. అప్పుడు చేపలు చక్కగా తిరిగాయి.

మన సంఘపెద్ద పేతురు మామ ఏమన్నాడో తెలుసా? "ఇన్నేండ్లు గట్టు తొక్కనీయని మనిషి ఇప్పుడెందుకు రమ్మన్నాడమ్మా? నీళ్ళల్లో ఏందో కలిపినాడు." ఆ మాట విని యల్లమ్మ తన కుండ నీళ్ళు గుమ్మం ముందే పారబోసింది. ఈ పొద్దున ఆడవాళ్ళంతా మళ్ళీ వాగుకే పోయారు. ఆ మాట మాలకొండయ్య గారి చెవిన పడితే బావి మూసేస్తారేమో. వాగు నీళ్ళు తాగితే మనవాళ్ళు ఏమవుతారో మీకు నేను చెప్పాలా?

ఏం చేయాలో రాయండి.

మీ
రాహేలు

——

మార్కాపురం

ప్రియమైన రాహేలూ,

నీ ఉత్తరం రోగుల మధ్యనే నిలబడి చదివాను. అది విషం కాదని నా నమ్మకం. ఆ నీళ్ళు వాసన చూశావా? కొత్తగా సున్నం కొట్టిన గదిలోకి పోతే ముక్కుకు తగిలే ఘాటు లాంటిది ఏమైనా ఉందా? కలరా ఊళ్ళలో ఆరోగ్యశాఖ వాళ్ళు బావుల్లో బ్లీచింగు పొడి కలుపుతున్నారు. అది రోగపు క్రిములను చంపుతుంది. కలిపిన మోతాదుకు మనిషికి ఏమీ కాదు, చేప మాత్రం తట్టుకోలేదు. ఆ నీళ్ళను వెడల్పు గిన్నెలో పోసి ఒక రోజంతా ఎండలో ఉంచితే ఘాటు పోతుంది. అప్పుడు చేపను వదిలి చూడు.

కానీ ముందు మాలకొండయ్య గారిని కలువు. నీళ్ళల్లో ఏం కలిపారని అడగవద్దు. బావి ఇచ్చినందుకు మన పాలెం తరఫున ఎవరైనా ఆయనకు కృతజ్ఞత చెప్పారా? ముందు అది చెప్పు. తర్వాత చేపల సంగతి చెప్పు.

రావాలని ఉంది, సెలవు ఇవ్వరు. నీ కోసం ప్రార్థిస్తున్న

నీ
కరుణాకరం

——

పాలెం బడి

ప్రియమైన మీకు,

మీరన్నట్టే అయింది. నీళ్ళ కుండ మూత తీయగానే ఘాటు కొట్టింది. మాలకొండయ్య గారి కళ్ళం దగ్గరికి పోయాను. "అయ్యా, మా పిల్లలు మీ నీళ్ళు తాగి బతుకుతున్నారు. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా" అన్నాను. నిజంగానే అంతవరకూ ఎవరూ చెప్పలేదట.

చేపల సంగతి చెబితే తల పట్టుకున్నారు. "బాయిలో పొడి ఏపించింది నేనే పంతులమ్మా. బేస్తవారిపేట పోయి పొడి కలిపే సర్కారు మనిషిని నేనే పిలుచుకొచ్చినా. చెప్తే మీవోళ్ళు దడుసుకొని తాగరేమోనని చెప్పలే. చెప్పక ఇట్లయింది."

మళ్ళీ పొడి కలిపించిన మర్నాడు బడి ముంగిట అందరినీ పిలిచాను. ముందురోజు నుంచి ఎండలో ఉంచిన నీళ్ళలో, మా తమ్ముడు పౌలు కంభం చెరువు నుంచి తెచ్చిన చేపల్ని వదిలాను. పిల్లలు గిన్నె చుట్టూ మూగారు. చేపలు గిన్నె అంతా తిరిగి నూకలు తిన్నాయి.

పేతురు మామ ఊరుకోలేదు. "సరే, ఎండబెట్టినవి మంచివే. అప్పుడే తోడినవి చేపను చంపినాయి గదా, మనిషిని చంపవా?"

"మనం నీళ్ళు తాగుతాం మామా. చేపకు ఊపిరే నీళ్ళు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అంతదాకా చింతచెట్టు కింద నిలబడి ఉన్న మాలకొండయ్య గారు ముందుకు వచ్చారు. నేను పంపితే అప్పుడే బావి నుంచి నీళ్ళు తెచ్చిన యల్లమ్మ ఎదుట దోసిలి పట్టారు. "పొయ్యమ్మా" అన్నారు. యల్లమ్మ వెనక్కి జరిగింది. "అయ్యా, ఇది మా కుండ." ఆయన దోసిలి దించలేదు. "తెలుసులే. పొయ్యి."

ఆమె ఎడంగా నిలబడే కుండ వంచింది, సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మిగిలినవి ఆయన తాగారు. పేతురు మామ తన చెంబు తెచ్చి అదే కుండలో ముంచుకున్నాడు.

మీ
రాహేలు

——

మార్కాపురం

ప్రియమైన రాహేలూ,

నీ ఉత్తరం మా వార్డులో చదివి వినిపించాను. రోగుల్లో ఒక ముసలాయన చేతులు జోడించాడు. నాకు ఒకటే ఆశ్చర్యం. మన కుండ నీళ్ళు తాగిన మాలకొండయ్య గారిని ఇక ఆయన కులంవాళ్ళే పలకరించరు. అంత తెగింపు ఆయనకు ఎక్కడిది? తెలిస్తే రాయి.

నీ
కరుణాకరం

——

పాలెం బడి
జూన్

ప్రియమైన మీకు,

దేవుని దయ. మన పాలెంలో ఒక్కరికీ కలరా రాలేదు.

మీరు అడిగింది తెలిసింది. వానలు పడి వాగు నిండాక మనవాళ్ళు మొహమాటపడి బావికి పోవడం మానేశారు. నిన్న మాలకొండయ్య గారి భార్య శ్యామలమ్మ గారు బడి దాకా వచ్చారు. "ఏంది పంతులమ్మా, మా నీళ్ళు చేదైనాయా? ఎవురూ రావడం లేదే?" అన్నారు.

వాగు నిండింది కదా అన్నాను. ఆమె గుమ్మంలోనే కూర్చున్నారు.

"పోయినేడు మా బిడ్డకు వాంతులు, బేదులు పట్టుకుంటే మార్కాపురం ఆసుపత్రికి తీసకపోయినాం. నేను మూర్ఛపోయినా. తెలివొచ్చి చూస్తే మీ ఆయన మా బిడ్డ తల ఒళ్ళో పెట్టుకొని, గుక్క గుక్క నీళ్ళు పోస్తా కూర్చోనున్నాడు. కక్కినా తుడిచి మళ్ళా పోసినాడు. బిడ్డ దక్కలేదమ్మా. గానీ దప్పికతో పోలే. ఆ చేతికి మేమేమి ఇయ్యగలం? ఆ చేతోళ్ళను బాయి తొక్కొద్దని ఎట్లంటాం?"

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు.

మీరు ఈ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. అన్ని బండ్లు, అంతమంది రోగుల మధ్య మీకు గుర్తుండి ఉండదు. ఆ పిల్ల పేరు శ్రీశైలమ్మ. ఏడేళ్ళదట. ఈ ఉదయం ఆడవాళ్ళంతా కుండలతో బావికి పోయారు, నేనూ పోయాను. శ్యామలమ్మ గారు గట్టు మీద నిలబడి చేద అందించారు.

మీ చేతులు కళ్ళకద్దుకుంటూ,
మీ
రాహేలు