ఎత్తని జెండా

ఏమోయ్,

ఇక్కడ నేనూ, అమ్మా, పెరటి కుళాయీ కులాసా. అక్కడ నువ్వూ, నీ ముప్పై కుట్టు మిషన్లూ, వాటి ముందు కూర్చునే నీ శిష్యురాళ్లూ కులాసా అని తలుస్తాను. ఆ పిల్లలకు కాలరు కుట్టడం పట్టుబడాలంటే ఇంకా రెండు నెలలు పడుతుందని రాశావు. అమ్మకు చదివి వినిపిస్తే వేళ్ల మీద లెక్కపెట్టుకుని నన్ను కసిరింది, నిన్ను ఆ ఫ్యాక్టరీకి పంపింది నేనే అయినట్టు. కాలరు ఏముంది, రెండు రోజుల పని అంటుంది. ఆవిడ కుట్టిన కాలర్లు వేసుకుని పెరిగినవాణ్ని కాబట్టి నేను నోరెత్తలేదు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు చెబుతాను. కుళాయి కారడం మానేసింది. పనివాడు వచ్చి బిగించి వెళ్లాడు, ఇప్పుడు అసలు నీళ్లే రావడం లేదు. నా చొక్కాలకు గుండీలు అమ్మే కుడుతోంది. సూదిలో దారం కూడా ఆవిడే ఎక్కించుకుంటోంది, ఎనభై దాటినా. ఇక నా అక్షరాలు ఇంత పెద్దవయ్యాయేమిటి, ఉత్తరం రాస్తున్నారా షాపు బోర్డు రాస్తున్నారా అని వెక్కిరించావు. నాలుగు మాటలకే పేజీ నిండితే ఎక్కువ రాసినట్టు కనిపిస్తుందని అనుకో. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీ తమ్ముడు ఎందుకు ఉత్తరం రాయడం లేదు, ఆ మ్యాచ్ గొడవ ఇంకా చల్లారలేదా అని మూడుచోట్ల అడిగావు. ఫోనైనా చేసి చెప్పండి అని కింద గీత కూడా గీశావు. ఫోన్‌లో నేను 'హలో' అనగానే ఏదో దాస్తున్నానని పట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

తమ్ముడు పదిహేనేళ్లుగా ఈల ఊదుతున్నా నువ్వు ఆ ఆటను ఒక్కనాడూ కుదురుగా చూడలేదు. ఒకడి మీద పదిమంది పడడం ఏం ఆట అంటావు. కాబట్టి మొదటినుంచీ చెబుతాను. ఏడు వారాల కిందట లీగ్‌లో ఆఖరి మ్యాచ్ జరిగింది, మన పేట జట్టుకూ వంతెన అవతలి జట్టుకూ. రెఫరీ మీ తమ్ముడు. రగ్బీలో బంతి పట్టుకుని పరిగెత్తేవాడి కాలు మైదానం అంచు గీత మీద పడితే చాలు, ఆట అక్కడితో ఆగాలి. అది కనిపెట్టడానికి చెరో అంచునా ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడతాడు. పెద్ద మ్యాచ్‌లకైతే వాళ్లూ రెఫరీలే. మన చిన్న లీగ్‌కు అంతమంది ఎక్కడ దొరుకుతారు? అందుకని ఒక్కో జట్టు తమ మనిషిని ఒకణ్ని ఇస్తుంది. మన పేట తరఫున ఎప్పుడూ నిలబడే పొడుగు టైలరుకు ఆ వారం మోకాలు వాచింది. నీకన్నా నమ్మకమైనవాడు ఎవడున్నాడు బావా, నువ్వు నిలబడు అని మీ తమ్ముడు అడిగాడు. కాదనడానికి నా దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది. అది చెప్పలేక ఒప్పుకున్నాను.

ఆఖరి నిమిషం దాకా మనవాళ్లు రెండు పాయింట్లు పైన ఉన్నారు. అప్పుడు అవతలి జట్టులో బాగా ఉరికే ఆటగాడు బంతి చంకలో పెట్టుకుని నా ఎడమ వైపునుంచి అంచు వెంబడి వచ్చాడు. నా ముందునుంచే వెళ్లి మన వైపు చివరి గీత దాటి బంతిని నేలకు ఆనించాడు. నేను జెండా ఎత్తలేదు. మీ తమ్ముడు ఈల ఊది అయిదు పాయింట్లు ఇచ్చాడు. మనం ఓడిపోయాం.

ఆ రోజునుంచి మన షాపు షాపులా లేదు. క్రాపుకు వచ్చినవాళ్లు క్రాపు మర్చిపోతున్నారు. బస్సు డ్రైవరు ఫోన్‌లో ఆ మ్యాచ్ వీడియో ఉంది. ఆటగాడి బూటు కిందనుంచి తెల్లగా సున్నం లేచిన చోట ఆపి, వచ్చినవాడికల్లా చూపిస్తాడు. అంచు గీతకు వేసే సున్నం అది, కాబట్టి గీత తొక్కినట్టే. నాలుగిళ్ల అవతలి లెక్కల మాస్టారు సబ్బు నురుగుతో నా అద్దం మీద గీత గీసి, దాని మీద బూటు బొమ్మ వేసి, రెఫరీ ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో, మధ్యలో ఎంతమంది అడ్డంగా ఉన్నారో వివరిస్తారు. మొన్నొకాయన సగం గడ్డానికి నురుగుతోనే లేచి వాదనకు దిగాడు. ఆ నురుగు ఆరిపోయి అట్టకట్టింది, వాదన మాత్రం ఆరలేదు.

రెఫరీకి కళ్లు లేవని ఒకడు, ఉన్నాయిగానీ అమ్ముకున్నాడని ఒకడు. వంతెన అవతల ఇల్లు కట్టుకుంటున్నాడట అని డ్రైవరు ఎక్కడో విని వచ్చాడు. మీ తమ్ముడు ఉన్న ఇంటికి తలుపే సరిగ్గా పడదు, వాడు ఇల్లు కట్టడమేమిటి? మాస్టారు ఒక్కరే వాడి పక్షం. అంత దూరంనుంచి ఏ మనిషికీ కనపడదయ్యా, అందుకే కదా అంచున జెండా పెట్టింది అంటారు. అనగానే అందరూ నా వైపు చూస్తారు. అప్పుడు డ్రైవరు వీడియో వెనక్కి తిప్పి నా చేయి చూపిస్తాడు. జెండా పట్టుకున్న చేయి జానెడు పైకి లేచి ఆగిపోతుంది. 'చూడండి, పాపం ఎత్తబోయాడు. బావమరిది వద్దన్నాడు, ఆగాడు. ఇంకేం చేస్తాడు?' అంటాడు. నేను అటు తిరిగి తోలు పట్టీ మీద కత్తి నూరుకుంటాను. నూరిన కత్తినే మళ్లీ నూరుతున్నానని ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.

మీ తమ్ముడి పరిస్థితి చెప్పాలంటే చేయి ఆడడం లేదు. వాడిది దుకాణాల్లో తూకాలు తనిఖీ చేసే ఉద్యోగం కదా. బజారులో రాళ్లు పరీక్షించబోతే, ముందు నీ చూపుకు ముద్ర వేయించుకుని రా అన్నారట. వీధిలో నడుస్తుంటే వెనకనుంచి ఈలలు వేస్తున్నారు. తిరిగి చూడడు, అడుగు వేగం పెంచడు. మూడు వారాల కిందట లీగ్ కమిటీ విచారణకు పిలిచింది, మమ్మల్నిద్దర్నీ. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు, ఇవతల రెండు కుర్చీల్లో మేమిద్దరం. జెండా ఎత్తవద్దని సైగ చేశావా అని వాణ్ని అడిగారు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. నిర్ణయం నాది, జెండా పట్టిన మనిషికి దాంతో సంబంధం లేదు అన్నాడు. నన్ను ఇంక అడగలేదు. రెండేళ్లు ఈల పట్టకూడదని రాసిచ్చారు. పెద్ద లీగ్ రెఫరీల జాబితాలో ఈ ఏడు వాడి పేరు ఉండాల్సింది. దానికి నలభై దాటకూడదు, వాడికి ముప్పై తొమ్మిది. రెండేళ్లంటే ఇక లేనట్టే. ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా వాడు నాతో కుళాయి సంగతే మాట్లాడాడు.

ఇప్పుడు చదవడం ఆపి కాసిని మంచినీళ్లు తాగు. తర్వాత ఇది చదువు.

ఎనిమిది నెలలుగా నా ఎడమ కన్ను పనిచేయడం లేదు. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడే మొదలైంది. పక్కనుంచి వచ్చేది కనపడడం మానేసింది, తర్వాత ఎదుటిది కూడా మసకేసింది. కళ్ల డాక్టరు కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని చెప్పారు. నీటికాసులు అంటారట. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకో అని చుక్కల మందు ఇచ్చారు. ఆ సీసా షాపులో పౌడరు డబ్బాల వెనక పెట్టుకున్నాను. నీకు చెబితే కాలరూ లేదు కఫూ లేదు, ఆ ఉద్యోగమే వద్దని ఇంట్లో కూర్చుంటావు. పేటలో తెలిస్తే ఒంటికన్ను వాడి కత్తి కింద మెడ ఎవడు పెడతాడు? ముప్పై ఏళ్ల అలవాటు కదా, వేళ్లకు దారి తెలుసు, నడుస్తుందిలే అనుకున్నాను. నడిచింది కూడా. ఇద్దరికి మాత్రం చెవి దగ్గర ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయింది. కొత్త ఫ్యాషన్ అని చెప్పాను, నమ్మారు.

ఆ రోజు ఆ ఆటగాడు నా ఎడమ వైపునుంచి వచ్చాడు. అడుగుల చప్పుడు వినపడి ఉలిక్కిపడ్డాను. వీడియోలో చేయి లేచింది అందుకే. తల తిప్పేసరికి నాకు కనిపించింది వాడి వీపు. గీత తొక్కాడో లేదో దేవుడికి తెలియాలి, లేదా ఆ డ్రైవరుకు తెలియాలి.

ఇంతవరకే అయితే నా ఖర్మ అనుకుని ఊరుకునేదానివి. మిగతాది నీకే కాదు, ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆట అవగానే మనవాళ్లు నా చుట్టూ మూగారు. డ్రైవరు నా చొక్కా పట్టుకుని, 'నీ కళ్ల ముందే కదయ్యా తొక్కాడు, ఎందుకు ఎత్తలేదు?' అని నిలదీశాడు. ఎదురుగా ఇరవై మొహాలు, అందులో సగం నా చేతి కింద గడ్డం గీయించుకునేవే.

'ఎత్తబోయాను. రెఫరీ వద్దన్నట్టు చూశాడు' అన్నాను.

అంతే. డ్రైవరు నా చొక్కా వదిలేసి, కాలరు సర్ది, నా భుజం తట్టాడు. అందరూ మీ తమ్ముడి వైపు నడిచారు. ఆలోచించి అన్న మాట కాదు. కానీ నోరు జారిందనుకుందామన్నా, జారిన నోరు మర్నాడు సర్దుకోవచ్చు కదా. ఏడు వారాల్లో ఎన్ని మర్నాళ్లు వచ్చాయి! ప్రతి ఉదయం షాపు తలుపు తీసేటప్పుడు ఇవాళ చెప్పేస్తాననుకుంటాను. డ్రైవరు వచ్చి 'పాపం ఎత్తబోయాడు' అంటాడు. రేపు చెబుదాంలే అని కుర్చీ దులుపుతాను. కమిటీ ముందు కూడా అంతే. నేను అబద్ధం ఆడానని అనడానికి నాలుగు మాటలు చాలు, ఆ నాలుగూ కూడగట్టుకోలేకపోయాను.

మొన్న ఆదివారం పొద్దున షాపు నిండా జనం. మీ తమ్ముడు వచ్చాడు. విచారణ తర్వాత రావడం అదే మొదటిసారి. డ్రైవరు ఫోన్ జేబులో పెట్టాడు. వాడు ఎవరి వంకా చూడకుండా కుర్చీలో కూర్చుని, గడ్డం బావా అని తల వెనక్కి వాల్చాడు. నురుగు పెట్టాను. కుడి వైపు సాఫీగానే అయింది. ఎడమ వైపుకు వచ్చాను. దవడ కింద తెగింది. నురుగు ఎర్రబడింది. నేను చూసేలోపే డ్రైవరు చూశాడు. 'బావకు కూడా వీడి మీద కసి తీరలేదు' అన్నాడు. అందరూ నవ్వారు.

వాడు కళ్లు తెరవలేదు. 'నేనే కదిలాను' అన్నాడు.

వాడు కదల్లేదోయ్. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

పటిక రాసి, తువ్వాలు అద్ది, పని ముగించాను. జనం ఒక్కొక్కరే వెళ్లేదాకా వాడు బల్ల మీద పాత పేపరు చదువుతూ కూర్చున్నాడు. చివరికి మేమిద్దరమే మిగిలాం.

'అక్కకి చెప్పావా బావా?'

'ఏం చెప్పాలి?'

'కన్ను సంగతి.'

నేను గల్లాపెట్టె తెరిచి చిల్లర లెక్కపెట్టబోయాను. వాడు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

'ఆ రోజు నేను నీ వైపు చూసిన మాట నిజమే. నలుగురు అడ్డం ఉన్నారు, నాకు గీత కనపడలేదు. జెండా లేస్తుందేమోనని నీ మొహమే చూశాను. నువ్వు కూడా నా వైపే చూస్తున్నట్టున్నావు. కానీ ఎడమ పక్కనుంచి వాడు మీదికి వస్తున్నా నీ కన్ను అటు తిరగలేదు బావా. అప్పుడే అర్థమైంది నాకు.'

అర్థమైతే కమిటీ ముందు ఎందుకు చెప్పలేదురా అని అడగాలి. నన్ను క్షమించరా అని కాళ్లు పట్టుకోవాలి. నేను చేసింది ఏమిటంటే, వాడి మెడ మీద ఇంకా రక్తం ఉందని చెప్పి దూది ఇచ్చాను. వాడు తుడుచుకుని, నా తువ్వాలు మడిచి కొక్కానికి తగిలించి, అక్కకి చెప్పు అని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి కత్తి ముట్టుకోలేదు. నిన్న మాస్టారు గడ్డానికి వస్తే కత్తికి పదును పోయిందన్నాను. అదీ అబద్ధమే. ఆయన అద్దం మీద గీసిన గీత ఇంకా మరక కట్టి ఉంది. డ్రైవరు ఇంకా వీడియో తిప్పుతూనే ఉన్నాడు. నిజం చెబితే వాడి ఈల వెనక్కి వస్తుందో రాదో నాకు తెలియదు, నా కుర్చీ ఖాళీ అవుతుందని మాత్రం తెలుసు. చెప్పకపోతే ఆదివారం ఆదివారం వాడు వచ్చి నా ముందు తల వాలుస్తాడు. మీ తమ్ముడు ఉండేది పక్క వీధిలో. వాడితో అనలేనిది ఒక పగలంతా రైలు ప్రయాణం దూరంలో ఉన్న నీకు రాస్తున్నాను. నువ్వు తిట్టు, మాట్లాడడం మానెయ్యి, ఏమైనా చెయ్యి. నేనేం చేయాలో మాత్రం నువ్వే చెప్పు, నాకు పాలుపోవడం లేదు.

అమ్మకు ఇంకా తెలియదు. కుడి కంటికి కూడా ఇప్పుడు చిన్న అక్షరాలు ఆనడం లేదు, నా అక్షరాలు పెద్దవైంది అందుకే. నీ పోయిన ఉత్తరం మధ్యాహ్నమంతా వెలుతురులో పట్టుకుని చదివాను, అయినా చివరి రెండు వరసలు అమ్మ చేతే చదివించుకున్నాను, అక్షరాలు గజిబిజిగా ఉన్నాయని నీ మీద నేరం పెట్టి. ఈసారి నువ్వు రాసేది అమ్మ చదవకూడదు. అందుకని, జవాబు రాసేటప్పుడు నువ్వు కూడా కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
నీ ఇంటాయన