దయ్యం చేతికి వాచీ మచ్చ

పత్తర్‌గట్టి, 14-6-1981

చెల్లె సక్కుబాయీ, మన రాజమణి పెండ్లి కుదిరిందమ్మా! ప్రభువుకు వేయి స్తోత్రాలు!

దయ్యాల సినిమాల ముచ్చట తీసే కదా నా బిడ్డ రెండు సంబంధాలు పోగొట్టుకుంది. అందుకే ఈసారి పెండ్లిచూపుల్లో ఆ ఊసెత్తనని దానితో బైబిలు మీద ఒట్టు పెట్టించాను. తీరా పిల్లవాడు ఇస్సాకే మొదలుపెట్టాడు.

"దయ్యాల సినిమాలు చూస్తవా? మొన్నొచ్చిన దాంట్ల బావిల నుంచి చెయ్యి లేస్తే నాకైతే పానం పోయింది."

నేను గట్టిగా దగ్గాను. అయినా నా బిడ్డ ఆగలేదు.

"గా చేతికే భయపడ్డవా? మణికట్టు మీద వాచీ మచ్చ ఉండె. దయ్యం టైం చూసుకుంటదా?"

ఈ సంబంధమూ పోయిందనుకున్నాను. ఇస్సాకు మాత్రం పడీపడీ నవ్వాడు. "మూడుసార్లు చూసిన, గది చూడకపోతి!"

వాళ్లమ్మ లీలమ్మ, "మా ఇంట్ల ఒక్కడే పిచ్చోడనుకున్న, జోడు దొరికింది" అంటూ అక్కడికక్కడే రాజమణి తలలో పూలు పెట్టింది.

సీమోను అన్నకు చెప్పు, ఎస్తేరు వదినకు చెప్పు, మేనకోడళ్లందరికీ చెప్పు. అందరికంటే ముందు మీ ఇంటాయన ఆగయ్య బావకు చెప్పు. ఈ దయ్యాల పిల్లను ఎవడు చేసుకుంటాడని అన్నది ఆయనే!